రెండు గోలీలు కొనుక్కున్నోనిదా తప్పు?

మందులు పనిచేయకుండా పోతున్నయని ఈ మధ్య పెద్దపెద్దోళ్లంతా బాధపడుతున్నరు. జ్వరానికి, పుండుకు, మూత్రం మంటకు ఇన్నాళ్లూ వాడిన యాంటీబయాటిక్ గోలీలకు క్రిములు చావడం లేదట. సంగతి నిజమే. అయితే దానికి వాళ్లు చూపించే దోషి ఎవరో తెలుసా? పల్లెటూరి జనం! చీటీ లేకుండా మందులు కొంటరట. ఆరెంపీతో సూది పొడిపించుకుంటరట. ఐదు రోజులు మింగాల్సిన గోలీలు రెండు రోజులు మింగి ఆపేస్తరట. అందుకే క్రిములు మొండికేసినయట.

నెక్కొండలో మెడికల్ షాపు ముందర కాసేపు నిలబడితే ఈ దోషి ఎవరికైనా కనబడుతడు. మిర్చి ఏరి వచ్చిన ఆడామె, పత్తి మూటలు మోసి వచ్చిన హమాలి. పది గోలీలకు పైసలు సాలక రెండు తెంపియ్యమంటరు. ఆ రెంటితో జ్వరం తగ్గితే మర్నాడు కూలికి పోతరు. తగ్గకపోయినా పోతరు. పోకపోతే పొయ్యి అంటుకోదు. కోర్సు పూర్తి చేయలేదని ఆమె మీద నేరం మోపేటోళ్లు, ఆ కూలి ఎందుకంత తక్కువున్నదో మాత్రం అడగరు. రాత్రి పది గంటలకు బిడ్డకు వాంతులైతే వాడకు వచ్చేది ఆరెంపీ తప్ప ఇంకెవరని కూడా అడగరు.

గోలీలు మధ్యలో ఆపడం మంచిదని మేం అనడం లేదు. జలుబు చేసేది వైరస్. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాను. కాబట్టి జలుబుకు ఆ గోలీ మింగితే పైసలు దండుగ, ఒంట్లో ఉన్న బ్యాక్టీరియాకు మందు అలవాటు చేయడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఈ సంగతి మన కార్యకర్తలు వాడవాడలో చెప్పాల్సిందే. కానీ నేరం లెక్క తీసేటప్పుడు అన్ని లెక్కలూ తియ్యాలె గదా! రెండు గోలీల లెక్క రాసినోడు వాగులో పోసిన మందు లెక్క ఎందుకు రాయడు?

ఆ లెక్క మేం రాస్తున్నం.

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం వైపు 1970 దశకం నుంచి ఫ్యాక్టరీలు మొలిచినయి. వాటిలో మందుల ముడిసరుకు తయారుచేసేవే ఎక్కువ. ప్రపంచం మింగే గోలీల్లో పెద్ద భాగానికి ముడిసరుకు మన దగ్గరే తయారవుతదని పాలకులు గర్వంగా చెప్పుకుంటరు. ఆ గర్వం పారేది ఇసుకవాగులో, నక్కవాగులో. నక్కవాగు పోయి మంజీరలో కలుస్తది. మంజీర పోయి గోదావరిలో కలుస్తది. 1990 దశకంలో పటాన్‌చెరులో ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. సుమారు 90 మందుల కంపెనీల మురికినీళ్లు ట్యాంకర్లలో అక్కడికి వచ్చేవి. శుద్ధి చేసి వాగులోకి వదిలేవారు.

ఆ 'శుద్ధి' అయిన నీళ్లను లార్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, ఆయన బృందం పరీక్షించి 2007లో లెక్క బయటపెట్టారు. లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! విరేచనాలకు, మూత్రం మంటకు డాక్టర్లు రాసే సిప్రో గోలీలో ఉండే మందే అది. ఆ గోలీ మింగిన రోగి నెత్తుర్లో ఎంత మందు ఉంటదో దానికంటె ఎక్కువ ఆ నీళ్లలో ఉన్నది. రోజుకు సుమారు 45 కిలోల సిప్రో ఆ ఒక్క కేంద్రం నుంచే పోయింది. మన షాపులో అమ్మే 500 మిల్లీగ్రాముల గోలీలుగా లెక్కగడితే 90 వేల గోలీలు. ఒక్క రోజుకు! ఒక్క మందు! స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రో అంత.

అటు రెండు గోలీలు, ఇటు 90 వేల గోలీలు. పాఠం చెప్పింది ఎవరికి? రెండు గోలీలామెకు!

2009లో అదే శాస్త్రవేత్తలు ఆ చుట్టుపక్కల చెరువులు, బావులు కూడా చూశారు. చెరువుల్లో సిప్రో, జలుబుకు వాడే సెట్రిజిన్ మిల్లీగ్రాముల లెక్కన దొరికినయి. ఊళ్లల్లో బావినీళ్లల్ల కూడా మందులున్నయి. రోగం లేకుండానే మందు తాగిన ఊళ్లు అవి. పైసలు లేక మందు దొరకని ఊళ్లు మనవి. రెండూ ఈ రాష్ట్రంలోనే ఉన్నయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నీళ్లల్ల మందు పడితే క్రిములు చావాలె గదా, మంచిదే గదా అని ఎవరికైనా అనిపిస్తది. వరంగల్ జిల్లా రైతుకు, కూలీకి ఈ ప్రశ్నకు జవాబు పుస్తకం చూడకుండానే తెలుసు. 1997-98లో ఈ జిల్లా పత్తి చేన్లల్ల ఏం జరిగింది? పురుగు మందు కొట్టినకొద్దీ పురుగు పెరిగింది. మొదటి మందుకు నూటికి తొంభై తొమ్మిది చచ్చి ఒకటి బతికిందనుకోండి. ఆ ఒక్కటి పెట్టిన గుడ్లన్నీ బతికినదాని సంతానమే. ఇంకో మందు, ఇంకో డబ్బా, ఇంకింత అప్పు. చివరికి పురుగు చావలేదు, రైతు ఆ మందే తాగి చచ్చిండు. తర్వాత బీటీ విత్తనం వచ్చింది, ఇక పురుగు రాదన్నరు. గులాబీరంగు పురుగు దానికీ అలవాటు పడ్డది.

బ్యాక్టీరియా కథ కూడా అదే. కాకపోతే పురుగుకు తరం మారడానికి వారాలు పడితే, మలంలో ఉండే ఈ-కోలి లాంటి బ్యాక్టీరియా తిండి దొరికితే 20 నిమిషాలకోసారి రెండవుతది. ఇంకో తేడా ఉన్నది. అది ఇంకా భయంకరమైనది. పత్తి పురుగు తన మొండితనాన్ని తన పిల్లలకే ఇయ్యగలదు. బ్యాక్టీరియా పక్కదానికి కూడా ఇస్తది. మందును ఎట్ల తట్టుకోవాలో రాసి ఉన్న చిన్న జన్యువుల తునకను, ప్లాస్మిడ్ అంటరు దాన్ని, ఒకటి ఇంకోదానికి అందిస్తది. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో వాటికి కులం పట్టింపు లేదు. విరేచనాల బ్యాక్టీరియా న్యుమోనియా బ్యాక్టీరియాకు ఇస్తది. వాగు మట్టిలో ఎవరికీ హాని చేయకుండా బతికే బ్యాక్టీరియా నేర్చుకున్న విద్యను మనిషి పేగుల్లోకి చేరే బ్యాక్టీరియాకు నేర్పుతది. మందుల నీళ్లు పారే వాగు అంటే ఆ విద్య పగలూ రాత్రీ నడిచే బడి అన్నమాట.

ఇది ఊహ కాదు. ఆ శుద్ధి కేంద్రంలోనే బతికున్న బ్యాక్టీరియాను పట్టి పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. అందులో నూటికి 86 రకాలు 20 లేదా అంతకంటె ఎక్కువ యాంటీబయాటిక్‌లకు చావలేదు. కేంద్రం కింది వాగు మట్టిలో ఈ మొండితనపు జన్యువులు, ప్లాస్మిడ్లు కుప్పలుగా ఉన్నయని అంతకు ముందే 2011లో తేలింది. శుద్ధి కేంద్రంలో మురికి తినడానికి పేడ, మలం లాంటివాటి బ్యాక్టీరియాను పెంచుతరు. దాని మీదనే మందు నీళ్లు పోస్తరు. క్రిములకు ఇంతకంటె మంచి బడి కట్టిద్దామన్నా కట్టలేం!

మందులంటే యాంటీబయాటిక్‌లే కాదు, హార్మోన్లు కూడా. పిల్లలు పుట్టకుండా ఆడవాళ్లు మింగే గోలీల్లో ఈస్ట్రోజన్ ఉంటది. ఒంట్లో పని అయినంక అది మూత్రంలో పోతది. పోయేటప్పుడు శరీరం దానికి ఒక ముడి వేసి, పనిచేయకుండా చేసి పంపుతది. మురికికాల్వలోని బ్యాక్టీరియా ఆ ముడి విప్పుతది. హార్మోన్ మళ్లీ లేచి కూసుంటది. ఇంకో రకం బ్యాక్టీరియా ఆ హార్మోన్‌నే తిండిగా తిని నీళ్లను బాగుచేస్తది. మనిషి శరీరంలో సహజంగా తయారైన ఈస్ట్రోజన్‌ను అవి తొందరగానే తింటయి. గోలీ కోసం ఫ్యాక్టరీలో చేసిన ఈస్ట్రోజన్ వాటికి అంత సులువుగా అరగదు, చాలాకాలం నీళ్లల్లనే ఉంటది. దాంతో ఏమైతదో కెనడాలో చూశారు. పరిశోధన కోసమే ఉంచిన ఒక చిన్న సరస్సులో 2001 నుంచి 2003 దాకా ఈ హార్మోన్‌ను లీటరుకు ఐదారు నానోగ్రాములు ఉండేటట్టు కలిపారు. గ్రామును వంద కోట్ల తునకలు చేస్తే ఒక తునక నానోగ్రాము. అంత చిన్న మోతాదుకే మగచేపల్లో ఆడ లక్షణాలు వచ్చినయి. ఒక రకం చిన్నచేప ఆ సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకు పోయింది.

ఈ రెండు సంగతులూ కలిపి చూడండి. ఊరి మురికి ఎత్తే పని మనోళ్లతో చేయించినట్టు, నీళ్ల మురికి తినే పని బ్యాక్టీరియా చేస్తది. దానికీ కూలి లేదు, మర్యాద లేదు. దాని నెత్తిన యాంటీబయాటిక్ పోస్తే ఏమైతది? హార్మోన్‌ను, మలాన్ని, సబ్బును తినిపెట్టే మెత్తని బ్యాక్టీరియా ముందు చస్తది. మందుకు చావని మొండి బ్యాక్టీరియా మిగులుతది. తినేటోళ్లు లేక మురికి మిగులుతది. అంటే ఒక విషం ఇంకో విషాన్ని కాపాడుతున్నది.

మందు ఒంట్లోకి పోయి మాయమైతదనుకోవడం మనోళ్లకు కొత్తగా వదిలిన భ్రమ కాదు. చచ్చిన గొడ్డును మోసిన మాదిగలకు రాబందులు రాకుండా పోయిన సంగతి అందరికంటె ముందు తెలిసింది. పశువులకు నొప్పికి వేసే డైక్లోఫెనాక్ ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలను చంపిందని శాస్త్రవేత్తలు 2004లో తేల్చారు. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. అప్పటికి ఆకాశం ఖాళీ అయింది.

"నెక్కొండలో మందుల ఫ్యాక్టరీ లేదు గదా, పటాన్‌చెరు ఎక్కడ మనమెక్కడ" అనేటోళ్లుంటరు. రైలెక్కితే పొద్దుటికి పొద్దున హైదరాబాద్‌లో ఉంటం. మన పిల్లలు అక్కడి ఫ్యాక్టరీల్లో డ్రమ్ములు కడగడానికి, కాంట్రాక్టు పనికి, మేస్త్రీ పనికి పోతనే ఉన్నరు, పండుగకు వస్తనే ఉన్నరు. క్రిమికి టికెట్ అక్కర్లేదు, మనిషి పేగుల్లో కూసొని వస్తది. ఏ రోగం లేకుండా నెలల తరబడి అక్కడే ఉంటది. మరుగుదొడ్డి నుంచి కాల్వకు, కాల్వ నుంచి పగిలిన పైపుకు, పైపు నుంచి బిందెకు పోతది. ఢిల్లీలో జరిగింది చూడండి. ఆఖరి అస్త్రంగా దాచుకున్న మందులను కూడా విరిచేసే ఎన్‌డీఎం-1 అనే జన్యువును, ఇండియాలో వైద్యం చేయించుకొని స్వీడన్ పోయిన ఒక రోగిలో 2008లో గుర్తించారు. న్యూఢిల్లీ పేరే దానికి పెట్టారు. 2011లో ఢిల్లీ నల్లా నీళ్లు 50 చోట్ల తీస్తే 2 చోట్ల, వీధుల్లో నిలిచిన నీళ్లు 171 చోట్ల తీస్తే 51 చోట్ల ఆ జన్యువు కనబడింది. మన ప్రభుత్వానికి ఆ పేరు మీద చాలా కోపం వచ్చింది. ఆ నీళ్ల మీద అంత కోపం రాలేదు.

కోళ్ల సంగతి కూడా ఇక్కడ చెప్పాలె. బ్రాయిలర్ కోడి తొందరగా బరువు పెరగడానికి దాణాలో యాంటీబయాటిక్ కలపడం ఈ దేశంలో చాలాకాలం నడిచింది. మనిషికి ఇంకే మందూ పనిచేయనప్పుడు ఇచ్చే కోలిస్టిన్‌ను కూడా కోళ్లకు పెట్టారు. 2019 జులైలో కేంద్రం దాన్ని కోళ్లకు, పశువులకు వాడకుండా నిషేధించింది. మనిషికి ఆఖరిమందు, కోడికి రోజూ దాణా! అప్పుడు ఏ ఉపన్యాసకుడూ కోళ్ల కంపెనీని మెడికల్ షాపు ముందర నిలబెట్టలేదు.

ఈ మొండి క్రిముల వల్ల 2019లో ఈ దేశంలో సుమారు 2 లక్షల 97 వేల మంది చనిపోయారని శాస్త్రవేత్తల అంచనా. ఆ లెక్కలో కులం కాలమ్ లేదు. ఉంటే ఏం కనబడేదో మనకు తెలియనిది కాదు. క్రిమి దొరనూ కూలీనీ ఒకే తీరుగ పడుతది. పట్టినంక తేడా మొదలైతది. మామూలు గోలీకి తగ్గని రోగానికి రోజుకు రెండు మూడు సార్లు ఎక్కించే సూదిమందు కావాలె, దవాఖానలో మంచం కావాలె, ఏ మందు పనిచేస్తదో చూసే పరీక్ష కావాలె. ఉన్నోడు అన్నీ కొంటడు. మనోడు మూడో గోలీ కూడా కొనలేనోడు. బాలింత కుట్టు చీము పడితే, చంటిబిడ్డ నెత్తురు చెడితే, కాలి పుండు మానకపోతే, హైదరాబాద్ మ్యాన్‌హోల్‌లో దిగినోని ఒంటి మీద గీత పడితే ముందు పోయేది ఎవరి ప్రాణం?

న్యాయస్థానాలు ఏం చేసినయని అడుగుతరు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడ్డది. 2001లో హైకోర్టుకు మళ్లించారు. 2013లో హరిత ట్రిబ్యునల్‌కు మళ్లించారు. 2017 అక్టోబరులో తీర్పు వచ్చింది. 27 ఏండ్లు! ఆ కేసు మొదలైన నాడు పుట్టిన పిల్ల తీర్పు వచ్చేనాటికి పిల్లల తల్లి. అయినా అక్కడి జనం, అక్కడ ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు లాంటివాళ్లు పట్టు వదలకపోవడం వల్లనే ఆ మాత్రమైనా జరిగింది. ఆ పోరాటాన్ని మేం తక్కువ చేయడం లేదు. కానీ పరిహారం ఏ లెక్కన ఇచ్చారో చూడండి. మధ్యలో కోర్టు ఆదేశాలతో రైతులకు కొంత పరిహారం వచ్చింది, ఎకరాల లెక్కన! ఎవరి పేరున ఎన్ని ఎకరాలు చెడినయో వాళ్లకు అంత. పట్టా ఉన్నోనికి పంట నష్టం ఉన్నది. మరి ఆ పొలంలో మోకాళ్ల లోతు దిగి నాటేసినామె కాళ్లకు పట్టా ఏది? ఆ వాగులో బట్టలుతికిన చాకలామెకు, చేపలు చచ్చిన చెరువు మీద బతికిన ముదిరాజుకు, ఆ బావినీళ్లు తాగిన మాదిగవాడకు ఎకరం లేదు. ఎకరం లేనోనికి ఒళ్లు కూడా లేనట్టే లెక్కగట్టారు.

2009లో పటాన్‌చెరు నీళ్లను 18 కిలోమీటర్ల పైపులైను వేసి హైదరాబాద్‌లో అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. మంజీర బతికిందన్నరు. అంబర్‌పేట దాటితే మూసీ. మూసీ కింద నల్గొండ వైపు వరి పొలాలు, వాటిలో నాట్లేసే మన ఆడోళ్లు. ఇంటి దయ్యాన్ని పక్కింటికి తోలినట్టు ఉన్నది. పైగా అక్కడ మందుల నీళ్లు నగరం మలమూత్రాలతో కలుస్తయి. నేర్పేటోన్ని, నేర్చుకునేటోన్ని ఒకే గదిలో కూసోబెట్టినట్టు. కొన్ని కంపెనీలు చుక్క నీరు కూడా బయటికి వదలమని చెప్పుకున్నయి. 2016 నవంబరులో జర్మనీ నుంచి వచ్చిన పరిశోధకులు హైదరాబాద్ చుట్టుపక్కల 28 చోట్ల నీళ్లు తీసి చూస్తే దాదాపు అన్ని చోట్లా మందుకు చావని బ్యాక్టీరియా దొరికింది. ఒక పారిశ్రామికవాడ కాల్వలో ఫంగస్‌కు వాడే ఫ్లుకోనజోల్ లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటి ఉన్నది. చుక్క వదలకపోతే అది ఎక్కడి నుంచి వచ్చింది, వానలో పడ్డదా?

ఇంతకీ చట్టం ఏమంటది? ఫ్యాక్టరీ నీళ్లల్ల ఉప్పు ఎంత, ఆమ్లం ఎంత, మురికి కుళ్లడానికి ఆక్సిజన్ ఎంత కావాలె, ఇవి కొలవాలంటది. యాంటీబయాటిక్ ఎంత ఉన్నదో కొలవమని చెప్పదు. కొలవనిది నేరం కాదు గదా! 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. ఒక్కో యాంటీబయాటిక్ మురికినీళ్లలో ఎంతకు మించి ఉండకూడదో అందులో పట్టిక ఉన్నది. కంపెనీలు గగ్గోలు పెట్టినయి. 2021 ఆగస్టులో తుది నియమాలు వచ్చేసరికి ఆ పట్టిక మాయం. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్యాక్టరీ నీళ్లలో యాంటీబయాటిక్ గురించి మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే మార్గదర్శకం అంటే సలహా. సలహాకు భయపడే కంపెనీని మేం ఇంతవరకు చూడలేదు.

ఇది దళితుల పత్రిక, దీనికి ఈ నీళ్ల గొడవ ఎందుకని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. మన ఉద్యమం మొదలైందే నీళ్ల కాడ. 1927 మార్చి 20న మహాడ్‌లో చౌదర్ చెరువు నీళ్లు దోసిట్ల తీసుకొని తాగి బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ దేశానికి తెలియజెప్పింది అదే. మన గడ్డ మీద కారంచేడు ఏమిటి? మాదిగలు తాగే చెరువు కాడ కమ్మ యువకులు గొడ్ల కుడితి బకెట్లు కడిగి ఆ మురికి చెరువులో పోశారు. తాగే నీళ్లయ్యా అన్నందుకు కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డం నిలబడ్డది. తెల్లారి, 1985 జులై 17న, వేటాడి ఆరుగురు మాదిగలను చంపారు. ఎగువన కడిగేటోడు ఒకడు, దిగువన తాగేటోడు ఇంకొకడు, వద్దని అడిగితే నేరం. ఇసుకవాగు కాడ జరిగింది ఇంతకంటె వేరా? బకెట్ పెద్దదైంది, అంతే.

మన నీడ పడితే నీళ్లు మైల అన్నరు. మనం తాకితే బావి అంటు అన్నరు. ఇన్ని తరాలు మనల్ని అంటరానోళ్లని ఊరవతల పెట్టినోళ్లు, వాగులకు నిజమైన అంటురోగం పెట్టినోన్ని పారిశ్రామికవేత్త అని పిలిచి పూలదండ వేస్తున్నరు. ఫ్యాక్టరీకి భూమి కావాల్సివస్తే మళ్లీ మన అసైన్డు భూములే కంటికి కనబడుతయి. వికారాబాద్ జిల్లా లగచర్లలో 2024 నవంబరు 11న ఫార్మా భూసేకరణ మీద మాట్లాడడానికి అధికారులు వచ్చినప్పుడు జనం తిరగబడ్డరు. ఎంతోమంది జైలు పాలైండ్రు, వాళ్లలో లంబాడీ బిడ్డలు ఎందరో. ఆ నెలాఖరులో ఫార్మా నోటిఫికేషన్ వెనక్కిపోయింది, పారిశ్రామిక పార్కు అని ఇంకో పేరుతో మళ్లీ వచ్చింది. పోయే భూమి మనది, వచ్చే నీళ్లు కూడా మనకే.

కాబట్టి మేం అడిగేది ఇది. 2020 ముసాయిదాలో ఉన్న పట్టిక మళ్లీ రావాలె. సలహాగా కాదు, చట్టంగా. కాలుష్య నియంత్రణ మండలి ఫ్యాక్టరీ నీళ్లల్ల మందు ఎంతున్నదో కొలిచి, ఆ కొలతను ఆ ఊరి పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలె. పరిహారం ఎకరానికి కాదు, మనిషికి ఇయ్యాలె. ఆ నీళ్లు తాగిన, ఆ నీళ్లల్ల పనిచేసిన ప్రతి మనిషికి. ఫ్యాక్టరీ కాల్వల్లో, నగర మురికికాల్వల్లో దిగే కార్మికులకు ఏటా వైద్య పరీక్షలు చేయాలె. రక్షణ పరికరాలు ఇయ్యకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరమని కూడా గుర్తుచేస్తున్నం. మండలంలో ఏ మందుకు క్రిమి చస్తదో చూసే పరీక్ష పేదోనికి పైసలు లేకుండా అందాలె. ఆ పరీక్ష లేకుండా ఆరెంపీని తిడితే ఏం లాభం? ఆయన చీకట్లో రాయి విసురుతున్నడు. దీపం పెట్టాల్సింది సర్కారు.

ఇవి అయ్యేదాక మన వాడల్లో మనం చేయగలిగింది కూడా ఉన్నది. మొండి క్రిమైనా సరే, నీళ్లు కుతకుత మరిగితే చస్తది. క్లోరిన్‌కు కూడా ఎక్కువ భాగం చస్తది. మందుకు చావడం లేదని వేడికి కూడా చావదనుకోవద్దు. అయితే మరగబెడితే క్రిమి చస్తది గాని నీళ్లల్ల కలిసిన మందు పోదు. అందుకే ఎగువన ఆపాలనేది. మిగిలిన గోలీలు పెంటకుప్ప మీద, కాల్వల పడేయవద్దు. ఒకరికి రాసిన గోలీ ఇంకొకరు మింగవద్దు.

ఇక నల్లా. ట్యాంకు ఊరి నడుమ ఉంటది, పైపు ఊరంతా తిరిగి ఆఖరుకు మన వాడకు వస్తది. ట్యాంకులో కలిపిన క్లోరిన్ ఆఖరి నల్లా దాకా రాదు, దారిలోనే సచ్చిపోతది. కాల్వల మునిగిన పైపు, పగిలిన జాయింటు మన దగ్గరనే ఎక్కువ. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఆఖరి నల్లా కాడ ఉండాలె. నీళ్లల్ల రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు వచ్చే చిన్న పరీక్ష పెట్టె దానికి ఉన్నది. పంచాయతీ వాళ్లను ట్యాంకు కాడ కాదు, వాడ చివరి ఇంటి నల్లా కాడ చేసి చూపించమని అడగండి. మలం క్రిములు చూసే సీసా ఇంకొకటి ఉంటది. దాంట్లో గీత దాకా నల్లా నీళ్లు పట్టి, మూతపెట్టి ఒకటి రెండు రోజులు ఇంట్లో ఉంచాలె. నీళ్లు నల్లబడితే మలం క్రిములు కలుస్తున్నయని అనుమానించాలె. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ల దగ్గర అవి దొరకాలె. లేవంటే సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద రాసి పంచాయతీలో ఇయ్యండి, ఆ స్థాయిలో ఫీజు లేదు. ఆఖరిసారి మన వాడ నల్లా నీళ్లు ఎప్పుడు పరీక్ష చేశారు, ఏం తేలింది అని రెండే ప్రశ్నలు రాయండి. సీసా నల్లబడితే దాని మీద తారీఖు, ఇంటి నెంబరు రాసిన చీటీ అంటించి, పారబోయకుండ గ్రామసభ నాడు బల్ల మీద పెట్టండి. వచ్చిన జవాబు నకలు మాకు కూడా పంపండి, వచ్చే సంచికల్లో ఊరి పేరుతో అచ్చు వేస్తం.